పందెం మర్నాటి పరుగు



2025 మార్చి నెలలో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని నారాయణపూర్‌లో ఒక హాఫ్ మారథాన్ జరిగింది. దాని పేరు అబూఝ్‌మాఢ్ పీస్ హాఫ్ మారథాన్. నారాయణపూర్ పట్టణం నుంచి బాసింగ్ గ్రామం దాకా 21 కిలోమీటర్ల దారి. వేలాది మంది పాల్గొన్నారు. అంతకు ముందు, 2024 డిసెంబరులో, జగదల్‌పూర్‌లో మొదటి బస్తర్ ఒలింపిక్స్ చివరి పోటీలు జరిగాయి. బస్తర్ ప్రాంతంలోని ఏడు జిల్లాల నుంచి ఆ ఆటలకు 1 లక్షా 65 వేల మంది పేర్లు నమోదు చేసుకున్నారు.

ఈ పాఠం ఆ పందేల గురించి కాదు, వాటి మర్నాటి గురించి.

పందెం రోజున దారి పొడవునా జనం ఉంటారు. చప్పట్లు, పతకాలు, ఫొటోలు ఉంటాయి. మర్నాడు తెల్లవారేసరికి ఇవేవీ ఉండవు. పిక్కలు పట్టేసి ఉంటాయి. మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టంగా ఉంటుంది. వారంలో నాలుగైదు రోజులు సాధన చేసే అలవాటున్న వాళ్లకు, ఇలా బాగా శ్రమపడిన రోజు తరవాత, శిక్షకులు ఒక పని చెబుతారు. అరగంట సేపు చాలా నెమ్మదిగా పరుగెత్తి రమ్మంటారు. దీన్నే రికవరీ రన్ అంటారు. మనం ‘తేరుకునే పరుగు’ అని పిలుచుకుందాం.

వినడానికి ఇంతకంటే తేలికైన పని లేదు. కానీ దీన్ని పాడుచేసేవాళ్లే ఎక్కువ. కొందరు ‘ఈ నత్తనడకకి పొద్దున్నే లేవడం కూడానా’ అని దుప్పటి కప్పుకుంటారు. మరికొందరు బయలుదేరతారు గాని, పదినిమిషాలు గడిచేసరికి పక్కవాడు దాటిపోయాడనో, కాళ్లు తేలికపడ్డాయనో వేగం పెంచేస్తారు. మూలకారణం ఇద్దరికీ ఒకటే. ఆ పరుగు ఎందుకో వాళ్లకు తెలియదు, అందులో సంతోషం ఎక్కడుంటుందో కనిపెట్టలేదు. ఈ రెండింటినీ ఇవాళ చూద్దాం.

బస్తర్‌నే ఎందుకు తీసుకున్నాం?

బస్తర్ మనకు పరాయి ఊరు కాదు. ఇంద్రావతి ఆ నేల మీదుగా వచ్చి గోదావరిలో కలుస్తుంది. శబరి ఒడ్డున ఉన్న కోంటాలో, ఇటు భోపాలపట్నంలో బజారుకి వెళితే తెలుగు వినిపిస్తుంది. దోర్లాల మాటల్లో తెలుగు కలిసిపోయి ఉంటుంది. విశాఖపట్నం నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలు జగదల్‌పూర్‌లో ఆగుతుంది.

అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి. అక్కడైనా, ఇటు చింతూరు, భద్రాచలం వైపైనా, తెల్లవారుజామున రోడ్డు మీద పరుగెత్తుతున్న యువకుల్లో చాలామంది పతకాల కోసం పరుగెత్తడం లేదు, ఉద్యోగం కోసం పరుగెత్తుతున్నారు. సైన్యం ఎంపికలో 1.6 కిలోమీటర్ల పరుగు ఉంటుంది. అయిదున్నర నిమిషాల లోపు ముగించినవారికి పూర్తి మార్కులు వస్తాయి. పోలీసు ఎంపికల్లోనూ పరుగు పరీక్ష తప్పదు. అందుకని ఈ పిల్లలు చేసే సాధన ఎలా ఉంటుందంటే, రోజూ అదే 1.6 కిలోమీటర్లు, రోజూ ప్రాణం పెట్టి, రోజూ గడియారంతో! సోమవారం పరీక్ష, మంగళవారం పరీక్ష, బుధవారమూ పరీక్షే. మూడు నాలుగు వారాలకు ముంగాలి ఎముక దగ్గర నొప్పి మొదలవుతుంది. కొంతమందికి ఆ ఎముకలో సన్నని పగులు కూడా ఏర్పడుతుంది. అది మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. ఈలోగా ఎంపిక తేదీ దాటిపోతుంది. వయోపరిమితి అంచున ఉన్న కుర్రాడికి అదే ఆఖరి అవకాశం కావచ్చు.

నెమ్మదిగా పరుగెత్తడం గురించి ఒక పాఠమంతా చెప్పవలసి రావడానికి కారణం ఇదే.

నొప్పికి దోషి ఎవరు?

పరుగెత్తిన మర్నాడు వచ్చే నొప్పికి ‘లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయింది’ అని చెప్పడం మనకి అలవాటు. వ్యాయామ ఉపాధ్యాయులూ చెబుతారు, జిమ్‌లో కుర్రాళ్లూ చెబుతారు. కండరాల్లో ఉష్ణం, లాక్టిక్ ఆమ్లం మీద పరిశోధనలకు ఆర్చిబాల్డ్ హిల్, ఓటో మెయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. ఆ ఖ్యాతి వల్లనే కాబోలు, నొప్పి తాలూకు నింద కూడా ఆ ఆమ్లం మీదే పడింది.

లెక్క చూడండి. గట్టిగా పరుగెత్తినప్పుడు రక్తంలో పెరిగిన లాక్టేట్ సుమారు ఒక గంటలో మామూలు స్థాయికి దిగిపోతుంది. నొప్పి మాత్రం 12 నుంచి 24 గంటల తరవాత మొదలై రెండో రోజుకో మూడో రోజుకో బాగా ముదురుతుంది. ఇంటికి వెళ్లిపోయినవాణ్ణి మర్నాటి దొంగతనానికి పట్టుకున్నట్టుంది మన వాదన! పైగా లాక్టేట్ చెత్త కాదు. గుండె, ఇతర కండరాలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి.

అసలు కారణం వేరు. కండర తంతువుల్లో అతి సూక్ష్మమైన చిరుగులు, వాటిని సరిచేయడానికి శరీరం చేపట్టే మరమ్మతు. 1902లోనే అమెరికా శాస్త్రవేత్త థియోడర్ హఫ్ ఈ ఆలస్యపు నొప్పికి కండరం లోపలి చిరుగులే కారణమై ఉంటాయని రాశాడు. కండరం కుంచించుకుంటూ పనిచేసినప్పటి కంటే, బరువును ఆపుతూ సాగినప్పుడు ఈ చిరుగులు ఎక్కువ. మెట్లు దిగేటప్పుడు, పల్లంలోకి పరుగెత్తేటప్పుడు తొడ ముందుభాగపు కండరం చేసేది సరిగ్గా ఆ పనే. ఇప్పుడు తెలిసిందా, పందెం మర్నాడు మెట్లు దిగడం ఎందుకంత కష్టమో?

ఇక్కడ ఒక గుర్తు పెట్టుకోండి. రెండు కాళ్లలోనూ కండరమంతా పరుచుకున్న నొప్పి మామూలుది, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఒకే కాలులో, వేలితో చూపించగలిగినంత చిన్నచోట, ఎముక మీద నొప్పి ఉంటే, అది పరుగెత్తేకొద్దీ పెరుగుతుంటే, తేరుకునే పరుగు కూడా వద్దు. వైద్యుడికి చూపించండి.

నెమ్మది పరుగు ఏం చేస్తుంది?

ముందు ఏం చేయదో చెబుతాను. అది చిరిగిన తంతువుల్ని అతికించదు. పరుగెత్తుతున్నంతసేపు రక్తప్రసారం పెరిగి బిగుతు సడలినట్టుంటుంది, హాయిగానే ఉంటుంది. కానీ దానివల్ల మరమ్మతు త్వరగా పూర్తవుతుందనడానికి గట్టి ఆధారాలు లేవు. మరమ్మతు చేసేవి నిద్ర, తిండి, కాలం. ‘తేరుకునే పరుగు’ అన్న పేరు కొంచెం అతిశయోక్తేనని ఒప్పుకోవాలి. అందుకే మొదటిసారి 21 కిలోమీటర్లు పరుగెత్తినవాళ్లు మర్నాడు పరుగు జోలికి వెళ్లకుండా నడిస్తే చాలు.

మరి లాభం ఏమిటి? శరీరానికి ఎక్కువ ఖర్చు పెట్టకుండా సాధన నిడివి పెంచుకోవడం. అయిదారు నిమిషాలపాటు సాగే పరుగులో వాడే శక్తిలో ముప్పాతిక వంతుకు పైగా ఆక్సిజన్ సాయంతోనే తయారవుతుంది. అంటే 1.6 కిలోమీటర్ల పరీక్ష మనం అనుకున్నంతగా ‘స్పీడు’ పరీక్ష కాదు. చాలావరకు గుండె, ఊపిరితిత్తులు, కండరాల్లోని మైటోకాండ్రియా, కేశనాళికల పరీక్ష. ఇవి వారాల తరబడి చేసే నిదానపు పరుగులతో పెరుగుతాయి. గుండె, కండరాలు త్వరగా అలవాటుపడతాయి. ఎముకలు, స్నాయువులు మాత్రం తాపీగా బలపడతాయి. పరుగులో ప్రతి అడుగుకీ శరీర బరువుకు రెండు మూడు రెట్ల బలం కాలి మీద పడుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ బలం పెరుగుతుంది. నెమ్మది రోజు ఎముకకు ఇచ్చే గడువు అన్నమాట.

ప్రపంచస్థాయి ఓర్పు క్రీడాకారుల సాధన లెక్కలు పరిశీలించిన స్టీఫెన్ సైలర్ అనే శాస్త్రవేత్త, వాళ్లు చేసే సాధనలో సుమారు 80 శాతం తేలిక స్థాయిలోనే ఉంటుందని చూపించాడు. పతకాలు తెచ్చేవాళ్లు అయిదింట నాలుగుసార్లు తేలిగ్గా చేస్తుంటే, మన కుర్రాళ్లు అయిదుకి అయిదుసార్లూ ప్రాణం పెడుతున్నారు. నిదానమే ప్రధానం అని అందరమూ చెబుతాం, పరుగు దగ్గరికొచ్చేసరికి ఎవరమూ నమ్మం.

బస్తర్ విషయంలో మరొక మాట. ఆ ప్రాంతపు గిరిజనుల్లో సికిల్ సెల్ లక్షణం గణనీయంగా ఉంది. దీని నిర్మూలన కోసం 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం ఒక జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. వ్యాధి వేరు, తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే ఆ జన్యువు వచ్చిన వాహక స్థితి వేరు. వాహకులు మామూలుగానే ఆడవచ్చు, పరుగెత్తవచ్చు. కానీ ఎండలో, నీళ్లు తాగకుండా, అలవాటు లేకుండా ఒక్కసారిగా శక్తికి మించి పరుగెత్తితే ప్రాణాపాయం కూడా కలగవచ్చు. సాధన మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేయించుకోవడం, మెల్లగా పెంచుకుంటూ పోవడం వాళ్లకు మరీ అవసరం.

నెమ్మది అంటే ఎంత?

దీనికి పరికరాలు అక్కరలేదు. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. ఒక్కో మాటకీ మధ్య ఊపిరి తీసుకోవలసి వస్తే అది తేలిక పరుగు కాదు. ఒంటరిగా ఉంటే ఏదో ఒక కథ మీకు మీరే చెప్పుకోండి.

సంఖ్య కావాలనేవాళ్ల కోసం ఒక లెక్క. వయస్సును 0.7తో గుణించి, 208 నుంచి తీసేస్తే మీ గరిష్ఠ హృదయ స్పందన ఉజ్జాయింపుగా వస్తుంది. 20 ఏళ్లవారికి 194. అందులో 60 నుంచి 70 శాతం, అంటే నిమిషానికి 116 నుంచి 136 మధ్య ఉండాలి. పరుగు ఆపిన వెంటనే మణికట్టు దగ్గర పది సెకన్లు నాడి లెక్కపెట్టండి. 20 నుంచి 22 దాకా వస్తే సరిపోయింది. 26, 27 వస్తే మీరు తేరుకోవడం లేదు, మళ్లీ పందెం పెట్టుకున్నారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఎంత నెమ్మదిగా పరుగెత్తినా నాడి ఎక్కువే ఉంటుంది. వాళ్లు రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక చేయాలి. ఇందులో చిన్నతనమేమీ లేదు. ఎండాకాలంలో ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది కాబట్టి అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. జనవరిలో తేలికైన వేగం మే నెలలో తేలిక కాదు.

మరి సంతోషం ఎక్కడుంది?

1971లో అమెరికాలో ఎడ్వర్డ్ డెసీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. విద్యార్థులకు చెక్క ముక్కలతో ఆకారాలు పేర్చే పజిల్ ఇచ్చాడు. ఒక బృందానికి పూర్తిచేసిన పజిల్‌కి ఇంత అని డబ్బిచ్చాడు, ఇంకో బృందానికి ఇవ్వలేదు. ఆ తరవాత డబ్బు ఆపేసి, మధ్యలో వాళ్లను గదిలో ఒంటరిగా వదిలేసి గమనించాడు. డబ్బు తీసుకున్నవాళ్లు ఆ ఖాళీ సమయంలో పజిల్ మీద మునుపటికంటే తక్కువ సేపు గడిపారు. అప్పటిదాకా ఆటగా ఉన్నది కూలి అయిపోయింది!

మన పరుగుకీ అదే జరుగుతోంది. నిమిషాలు, సెకన్లు, మార్కులు, సర్టిఫికెట్... ఇవి తప్పనివే, తప్పని నేననను. కానీ వారమంతా వాటి కోసమే పరుగెత్తితే, అవి లేని రోజున కాలు కదలదు. తేరుకునే పరుగు అంటే ఏ బహుమతీ లేని పరుగు. దాన్ని ఇష్టంగా చేయాలంటే మొదట చేయవలసిన పని గడియారం ఇంట్లో పెట్టి బయలుదేరడం. (నాకే ఇది అలవాటు కావడానికి చాలాకాలం పట్టింది. ఖాళీ మణికట్టు వైపు చూసుకుని సిగ్గుపడిన రోజులున్నాయి.)

రెండోది, బయలుదేరే ముందు మన మనస్సు చెప్పే జోస్యాన్ని నమ్మకపోవడం. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనాల్లో, వ్యాయామానికి ముందు ‘ఇది నాకెంత నచ్చుతుంది’ అని జనం వేసుకున్న అంచనా, ముగిశాక చెప్పిన దానికంటే తక్కువగా ఉంది. కారణం ఏమిటంటే, మనం ఊహించుకునేది మొదటి అయిదు నిమిషాల్నే. చలి, బద్ధకం, బిగుసుకున్న పిక్కలు. అవి గడిచాక వచ్చే ఇరవై నిమిషాలు మన లెక్కలో ఉండవు. కాబట్టి మొదటి అయిదు నిమిషాలు నడవండి. పరుగెత్తాలా వద్దా అన్నది ఆ తరవాత తేల్చుకోండి.

మూడోది శరీరం లోపలి సంగతి. పరుగులో కలిగే హాయికి ఎండార్ఫిన్లే కారణమని చాలాకాలం అనుకున్నారు. అయితే రక్తంలో పెరిగిన ఎండార్ఫిన్లు మెదడులోకి సులువుగా ప్రవేశించలేవు. 1992లో జెరూసలేంలో రాఫెల్ మెషూలం ప్రయోగశాలలో మెదడు స్వయంగా తయారుచేసుకునే ఒక పదార్థాన్ని కనుగొన్నారు. దానికి వాళ్లు పెట్టిన పేరు ‘ఆనందమైడ్’. అవును, మన ఆనందమే, సంస్కృతం నుంచి తీసుకున్నారు! అది మెదడులోకి వెళ్లగలదు. డేవిడ్ రైక్లెన్ బృందం జరిపిన పరీక్షల్లో మధ్యస్థ వేగంతో పరుగెత్తినప్పుడు రక్తంలో ఇలాంటి పదార్థాలు పెరిగాయి. మెల్లగా నడిచినప్పుడుగాని, ఆయాసపడేంత వేగంలోగాని అంతగా పెరగలేదు. గరిష్ఠ స్పందనలో సుమారు 70 శాతం దగ్గర ఈ పెరుగుదల కనిపించింది. మన తేరుకునే పరుగు ఈ హద్దుకి కింది అంచున ఉంది కనుక ప్రతిసారీ ఆనందమైడ్ పొంగుతుందని నేను హామీ ఇవ్వలేను. ఒకటి మాత్రం రూఢి. మాట్లాడలేని వేగానికి చేరగానే దాదాపు అందరిలోనూ హాయి తగ్గడం మొదలవుతుంది.

ఇక నాలుగోది. నెమ్మదిగా వెళితే లోకం కనిపిస్తుంది. గట్టి పరుగులో మనకు కనిపించేది ముందున్న పది గజాల రోడ్డు, వినిపించేది మన ఊపిరి. జగదల్‌పూర్‌లో దల్పత్ సాగర్ అనే పెద్ద చెరువుంది. పద్దెనిమిదో శతాబ్దంలో రాజు దల్పత్ దేవ్ తవ్వించినది. దాని గట్టు వెంట ఒకే దారిలో ఇద్దరు పరుగెత్తారనుకోండి. గడియారం చూసుకుంటూ వెళ్లినవాడిని ఏం చూశావని అడిగితే నిమిషాలు చెబుతాడు. నెమ్మదిగా వెళ్లినవాడు నీటి మీది మంచు గురించి, వల విసిరిన మనిషి గురించి చెబుతాడు. మార్చి, ఏప్రిల్ నెలల్లో బస్తర్ పల్లెల్లో ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి. బుట్టలతో ఆడవాళ్లు, పిల్లలు చెట్ల కింద ఏరుతుంటారు. గాలంతా ఆ తీపి వాసనే. సంత రోజైతే తలమీద మూటలతో వరసగా నడిచే జనం ఎదురవుతారు. పలకరించి, వాళ్ల పక్కన రెండు నిమిషాలు నడిచినా మీ సాధనకు వచ్చే నష్టం లేదు. సాల వృక్షాల అడవి దగ్గరైతే కొండ మైనా గొంతు గుర్తుపట్టడానికి ప్రయత్నించండి. అది ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి, మనుషుల గొంతును అనుకరిస్తుంది. అడవిదారుల్లో మాత్రం ఒంటరిగా వెళ్లకండి. తెలిసిన రోడ్డు, తోడు, ఇంట్లో చెప్పి రావడం, ఇవి అమ్మాయిలకీ అబ్బాయిలకీ ఒకటే.

తోడు అన్నాను కాబట్టి ఒక సంఘటన చెప్పి ముగిస్తాను. 1962లో అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయ శిక్షకుడు బిల్ బవర్‌మన్ న్యూజిలాండ్ వెళ్లాడు. అక్కడ ఆర్థర్ లిడియార్డ్ అనే శిక్షకుడు పెద్దవాళ్ల చేత నెమ్మది పరుగులు చేయిస్తున్నాడు. లిడియార్డ్ ఆషామాషీ మనిషి కాదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో అతని శిష్యులు పీటర్ స్నెల్, ముర్రే హాల్‌బర్గ్ ఒకే రోజున రెండు స్వర్ణాలు గెలిచారు. బవర్‌మన్‌కి అప్పటికి 51 ఏళ్లు. పెద్ద శిక్షకుణ్ణి కదా అనుకుని ఆ గుంపుతో కలిసి బయలుదేరాడు. కాసేపటికే వెనకబడ్డాడు, ఆయాసం. డెబ్బై దాటిన ఒక పెద్దాయన, గుండెజబ్బు నుంచి బయటపడినవాడు, తన వేగం తగ్గించుకుని బవర్‌మన్ పక్కనే కబుర్లు చెబుతూ పరుగెత్తి, చివరిదాకా తోడొచ్చాడు. బవర్‌మన్ స్వదేశం వెళ్లి జాగింగ్ గురించి ఒక పుస్తకం రాశాడు. 1967లో వచ్చిన ఆ పుస్తకం అమెరికాలో మామూలు జనాన్ని రోడ్ల మీదికి తెచ్చింది.

మీ ఊళ్లో ఎంపికల కోసం పరుగెత్తే బృందం ఉంటే, వారంలో రెండు రోజులు ఆ పెద్దాయన పద్ధతి పెట్టండి. అందరికంటే నెమ్మదిగా వెళ్లేవాళ్లు ముందుండాలి, మిగిలినవాళ్లు వాళ్లను దాటకూడదు. మాటలు ఆగిపోతే వేగం ఎక్కువైందని అర్థం.

ఇంటిపని

పది తేరుకునే పరుగులకు ఒక పట్టిక రాయండి. బయలుదేరే ముందు ‘ఇవాళ్టి పరుగు ఎంత బాగుంటుంది’ అని సున్నా నుంచి పది మధ్య ఒక అంకె వేయండి. తిరిగొచ్చాక మళ్లీ ఒక అంకె. మూడో గడిలో పది సెకన్ల నాడి లెక్క. నాలుగో గడిలో దారిలో చూసిన కొత్త విషయం ఒకటి. పదో పరుగు అయ్యాక మొదటి రెండు గడుల సగటులు కట్టి, మీ తరగతిలో అందరివీ పోల్చి చూడండి. దూరానికీ సమయానికీ ఈ పట్టికలో గడులు పెట్టవద్దు.